పీట మీది బాడిస

పనిముట్ల పెట్టెను చూసుకున్నంత ముద్దుగా నన్ను ఏనాడూ చూసుకోలేదని మా ఇంటాయనను ఈ వయసులోనూ దెప్పుతుంటాను. ఆయనకు అది తగలదు. "పెట్టె నీ లెక్క నోరు జేస్తదా?" అని నవ్వి ఊరుకుంటాడు. నా నోరు పెద్దదేనని నేనూ ఒప్పుకుంటాను. కొలిమి పక్కన పుట్టినదాన్ని. సుత్తె చప్పుడు మీద మాట వినపడాలంటే గొంతు పెంచక తప్పదు. అలా పెరిగిన గొంతు పెళ్లికాగానే తగ్గమంటే ఎక్కడ తగ్గుతుంది?

నా పుట్టిల్లు ఆదిలాబాద్ దిక్కు, బోథ్ పక్కన చిన్న పల్లె. బాపు కమ్మరి. ఆయన ఇనుము కొడుతుంటే తిత్తి లాగడం నా పని. అత్తగారిల్లు సుల్తానాబాద్ దగ్గర. వాళ్లది వడ్రంగం. ఇనుము కొట్టే ఇంటి పిల్లను కట్టె చెక్కే ఇంటికి ఇవ్వడం మాలో మామూలే. నా మాటలో అక్కడక్కడ మరాఠీ దొర్లేది కాబట్టి అత్తగారింట్లో చాలాకాలం నన్ను 'ఆదిలాబాదుది' అనే పిలిచారు. పిలిస్తే పలికేదాన్ని, రెండు మాటలు ఎక్కువే పలికేదాన్ని.

పెళ్లిలో బాపు అల్లుడికి ఉంగరం పెట్టలేదు. తన చేత్తో కొట్టిన బాడిస పెట్టాడు. కట్టెను పొరలు పొరలుగా చెక్కే పనిముట్టు అది. వడ్రంగి చేతిలో పొద్దంతా ఉండేది అదే. దాని మెడ మీద నెలవంక ఆకారంలో ఒక గాటు ఉంటుంది. బాపు తన చేతి నుంచి వెళ్లే ప్రతి పనిముట్టుకూ ఆ గాటు పెట్టేవాడు. బాడిస అల్లుడి చేతిలో పెడుతూ, "బిడ్డకు నోరున్నది, దాని సంగతి అదే జూస్కుంటది. దీనికి నోరు లేదు, దీన్ని మాత్రం తుప్పు పట్టనియ్యకు" అన్నాడు. పందిట్లో అందరూ నవ్వారు. నేనొక్కదాన్నే మూతి ముడుచుకున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లయిన ఆ రోజుల్లో మంచిర్యాల పక్కన నస్పూర్ దిక్కు బొగ్గు గనులు, మా మాటలో బాయిలు, పెరుగుతున్నాయి. ఎక్కడెక్కడి నుంచో మనుషులు వచ్చి దిగుతున్నారు. వాళ్లకు ఇండ్లు కావాలి, ఇండ్లకు తలుపులు కావాలి. ఊళ్లో నాగళ్లకూ బండి చక్రాలకూ పని తగ్గిందని మా ఆయన ఎడ్లబండి కట్టాడు. బండి నిండా చెక్క పలకలు, బండి కింద గోనె ఊయలలో రంపాలు, ముందు భాగంలో పనిముట్ల పెట్టె, పెట్టె మీద నేను. అలా వచ్చి చేరాం. ఆ బండే మాకు దుకాణం. పని ఎక్కడుంటే అక్కడికి తోలుకుపోయి, ఎడ్లను విప్పి, దాని నీడలోనే పని మొదలుపెట్టేవాడు.

కట్టే ఇండ్ల పక్కనే మాలాంటి పనివాళ్ల గుడిసెలు ఒక వరుసగా ఉండేవి. మేస్త్రీలు, సున్నం వేసేవాళ్లు, వడ్రంగులు, ఇద్దరు ముగ్గురు బాయి పనివాళ్లు కూడా. అందరూ కొత్తవాళ్లే. సాయంత్రానికి అందరి పొయ్యిల పొగా కలిసిపోయేది, అందరి కబుర్లూ కలిసిపోయేవి. నాకు ఆ వరుస మొదటి రోజే నచ్చింది. మాట్లాడితే వినేవాళ్లు బోలెడు మంది.

అలాంటి చోట పనిముట్లు పోవడం మొదలైంది. ముందు ఒక మేస్త్రి తాపీ పోయింది. తర్వాత ఎవరిదో గడ్డపార. బాయి దగ్గర రోజూ కొత్త మనుషులు వచ్చి పోతుంటారు, ఎవరని పట్టుకుంటాం? దాంతో మా వరుసలో ఒక్కొక్కరికీ ఒక్కో తెలివి పుట్టుకొచ్చింది. మేస్త్రి, గోడ నిలువు చూసే ఇనుప గుండును సాయంత్రం ఇసుక కుప్పలో పాతిపెట్టి, పైన గుర్తుగా ఒక పుల్ల గుచ్చాడు. పొద్దున్నే కూలీలు ఆ పుల్లను పీకేసి, ఇసుకను సున్నంలో కలిపి గోడకు ఎత్తేశారు. ఆ గుండు ఇప్పటికీ ఏ ఇంటి గోడలోనో నిలువుగానో అడ్డంగానో ఉండే ఉంటుంది. సున్నం వేసే ఆయన రంగు కుంచెలను నడుముకు కట్టుకుని పడుకునేవాడు. పొద్దున ఆయన పంచె చూస్తే అప్పుడే హోలీ ఆడి వచ్చాడనుకోవాలి.

మా ఆయన తక్కువ తిన్నాడా? బండిని ఎవరూ తోలుకుపోకుండా, చక్రం జారకుండా ఇరుసు చివర పెట్టే సీలను రోజూ సాయంత్రం ఊడదీసి ఇంట్లోకి తెచ్చేవాడు. ఒక పొద్దున దాన్ని తిరిగి పెట్టడం మరిచి ఎడ్లను కట్టాడు. బండి వంకర్లు పోతూ కొంత దూరం నడిచింది. తర్వాత చక్రం తన దారిన తాను కాలువ దిక్కు పోయింది. పలకలన్నీ దారి పొడుగునా పరుచుకున్నాయి. "దొంగ ఎత్తుకపోలే, నువ్వే పారబోసినవు" అని నేను నవ్వుతుంటే ఆయన రోజంతా నాతో మాట్లాడలేదు.

నా తెలివి కూడా చెప్పాలి కదా. పెట్టెకు నిమ్మకాయ, ఎండుమిరపకాయలు కట్టి, మా ఆదిలాబాద్ అవ్వ నేర్పిన మంత్రం వేశానని, ముట్టినవాడి చెయ్యి గుమ్మడికాయంత వాస్తుందని వరుసంతా చాటాను. దొంగ భయపడ్డాడో లేదో తెలియదు. మరునాటి నుంచి ఆడవాళ్లు పిల్లల కడుపునొప్పికి, ఆవు పాలివ్వకపోవడానికి మంత్రం వెయ్యమని మా గుడిసె ముందు కూర్చోవడం మొదలుపెట్టారు. కాదంటే అబద్ధం బయటపడుతుంది. వాటికీ ఏదో గొణిగి పంపాను. ఒకరిద్దరికి నయం కూడా అయింది.

చివరికి మా ఆయన కొత్త పెట్టె చేశాడు. టేకు చెక్క, నున్నగా ఉండేది. తాళం లేదు, గొళ్లెం లేదు. అడుగున ఒక చెక్కను పక్కకు జరిపి, పెట్టెను కొంచెం ఎడమకు వంచితే లోపలి కొయ్య మేకు జారి మూత ఊడుతుంది. తెలియనివాడు రోజంతా కుస్తీ పట్టినా రాదు. నిజంగా గొప్ప పనే. కానీ గొప్ప పని చేసినవాడు దాన్ని నలుగురికీ చూపకుండా ఎలా ఉంటాడు? చాయ్ తాగడానికి వచ్చిన ప్రతి మనిషి ముందూ పెట్టె పెట్టి, "తెరువు సూద్దాం" అనేవాడు. వాళ్లు గుద్ది, గుంజి, చెమటలు కక్కి ఓడిపోయాక, "గిట్ల జెయ్యాలె" అని మురిసిపోతూ తెరిచి చూపేవాడు. వారం తిరిగేసరికి వరుసలో పిల్లలతో సహా ఆ కిటుకు తెలియనివాళ్లు లేరు. "నీ పెట్టె కిటుకు నీకు తప్ప అందరికీ యాదుంటది" అని నేనంటే, "మనోళ్లకే గద జెప్పిన" అనేవాడు.

ఆ పెట్టెను ముచ్చటగా తడిమి చూసినవాళ్లలో వరుస చివరి గుడిసె పెద్దాయన ఒకడు. ఆయనా వడ్రంగే, మా ఆదిలాబాద్ దిక్కు మనిషే. మా ఆయన ఆయన్ని కాకా అనేవాడు, నేను మామా అనేదాన్ని. ఆయన భార్య నాకు అత్త. పుట్టింటి మాట మాట్లాడే మనిషి దొరికిందని నేను రోజూ ఆమె దగ్గరికి పోయేదాన్ని. పెద్దాయన పనిముట్లు ఇంకా ఊరి నుంచి రాలేదని చెప్పేవాడు. వచ్చేదాకా గుత్తేదారు దగ్గర పలకలు మోస్తూ, కొలతలు చూస్తూ ఉండేవాడు. ఆయన చేతులు ఊరికే ఉండేవి కావు. మాట్లాడుతూ మాట్లాడుతూ పక్కనున్న కట్టె మీద బొటనవేలితో గీరేవాడు.

బతుకమ్మ పండుగకు కొన్ని రోజుల ముందు అంగడి దినం మేమిద్దరం బండిని గుడిసె దగ్గరే ఉంచి, నడిచి మంచిర్యాలకు పోయాం. గాజులు, బెల్లం, కొత్త చేట తెచ్చుకుని పొద్దు వాలకముందే తిరిగొచ్చాం. పెట్టె బండిలో ఎక్కడిదక్కడే ఉంది. మూత వేసే ఉంది. ఆయన చిత్రిక పట్టే రంద తీయబోయి, అలాగే వంగి ఉండిపోయాడు. పెట్టె ఖాళీ. బాడిస, ఉలులు, రంద, చిన్న రంపం, సుత్తె, ఒక్కటీ లేదు. దొంగ ఎంత మర్యాదస్తుడంటే అన్నీ తీసుకుని మూత మళ్లీ సరిగ్గా బిగించి పోయాడు.

అప్పుడు నా గొంతు బాయి సైరన్‌ను మించింది. వరుస మధ్యలో నిలబడి తిట్టాను. వాని చేతులు పడిపోను, వాని పొయ్యి ఆరిపోను అని తిట్టాను. అత్త పరుగెత్తుకొచ్చి నన్ను పట్టుకుని, నేను అలసినప్పుడల్లా నా బదులు తనే అందుకుంది. "వాని చేతులకు పుండ్లు పుట్ట కోడలా, వాని కండ్లు పోను!" ఆమె నాకంటే బాగా తిట్టింది. నాకు కొంచెం ఊరటగా కూడా అనిపించింది.

మా ఆయన మాత్రం తిట్టలేదు. ఠాణాలో చెప్పొచ్చాడు. వచ్చి ఖాళీ పెట్టె మీద కూర్చున్నాడు. కొత్తవి కొనే స్థోమత మాకు లేదు. ఒకరి పనిముట్టు ఇంకొకరిని అడగడం మాలో లేదు, అడిగినా ఎవరూ ఇవ్వరు. ఆ బాడిస అయితే ఇంకెక్కడా దొరకదు. బాపు పోయిన సంవత్సరమే చనిపోయాడు. ఆయనతోపాటే మా కొలిమి ఆరిపోయింది. ఆ నెలవంక గాటు పెట్టే చెయ్యి ఈ లోకంలో లేదు. అది తలుచుకున్నప్పుడు నాకు తిట్లు కూడా రాలేదు, ఏడుపు వచ్చింది.

మా తలుపుల పనిని గుత్తేదారు వేరేవాళ్లకు ఇచ్చేశాడు, ఆయనకూ పని ఆగకూడదు కదా. పక్క గుడిసె బాయి పనివాడు మంచి మనిషి. మా ఆయన కష్టం చూడలేక, "అన్నా, బాయిల టింబర్ పనికి మనుషులు గావాలంటున్నరు. కప్పు కూలకుంట దుంగలు నిలబెట్టుడు. పనిముట్లు కంపెనోళ్లే ఇస్తరు. నేను మాట్లాడుత" అన్నాడు. మా ఆయన సరేనన్నాడు. దసరా మరునాడు పొద్దున వచ్చి కలవమన్నారు.

బాయి పని తక్కువని నేను అనను. ఆ వరుసలో నాకు అన్నం పెట్టినవాళ్లలో సగం మంది బాయి పనివాళ్ల ఇండ్ల ఆడవాళ్లే. కానీ మా ఆయన మూసిన గదిలో నిద్రపోలేడు. ఊరందరికీ తలుపులు చేసే మనిషి మా గుడిసెకు తలుపు పెట్టనివ్వలేదు, తడిక కూడా సగమే మూయాలి. ఒకసారి బాయి చూద్దామని మూతిదాకా పోయి, లోపలికి చూసి, చెమటకు తడిసిన అంగీతో తిరిగొచ్చాడు. అలాంటివాడు రోజూ భూమి కిందకు ఎలా దిగుతాడు? "వొద్దయ్యా, ఊరికి పోదాం" అన్నాను. "ఊరికి ఉత్త చేతులతోని పోయి ఏమని జెప్పాలె? ఫికర్ జెయ్యకు. అందరు దిగుతలేరా?" అన్నాడు. ఫికర్ చెయ్యొద్దని చెప్పే ముఖమేనా అది? అన్నం కూడా సరిగ్గా తినేవాడు కాదు.

దసరా వచ్చింది. మా ఇండ్లలో దసరా అంటే పనిముట్ల పండుగ. పొద్దున్నే అన్నిటినీ కడిగి, సాన పట్టి, నూనె రాసి, పీట మీద వరుసగా పెట్టి పసుపు కుంకుమ పెడతాం. ఆ రోజు అవి పని చేయవు, కదలవు. మరునాడు పొద్దున, పూజలో పెట్టిన చెయ్యే మళ్లీ వాటిని ఎత్తాలి. వేరేవాళ్లు ముట్టకూడదు. పీట ముందు గట్టిగా మాట కూడా అనకూడదు. నా గొంతు సంవత్సరానికి ఒక్కరోజు తగ్గేది ఆనాడే.

ఆ సంవత్సరం మా పీట మీద పెట్టడానికి ఏముంది? కొలిచే దారపు ఉండ, బండి సీల. ఆయన ఆ రెండింటికే బొట్టు పెట్టి దండం పెట్టాడు. నేను గారెలు వేయడానికని బయటికి వచ్చేశాను. పొగ కండ్లలోకి పోయిందని చెప్పుకున్నాను.

సాయంత్రం ఊరి బయట జమ్మి పూజ చేసుకుని, పాలపిట్టను చూసి, జమ్మి ఆకులు తీసుకుని ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాం. జమ్మి చేతిలో పెట్టి, పెద్దవాళ్ల కాళ్లు మొక్కి, సమానమైనవాళ్లను కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకోవడం మా ఆనవాయితీ. వడ్రంగుల ఇంటికి పోతే పీట మీది పనిముట్ల మీద కూడా ఒక ఆకు వేసి దండం పెడతాం. వరుసంతా తిరిగి చివరి గుడిసెకు వచ్చాం.

పెద్దాయన అరుగు మీద ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. ముఖంలో పండుగ కళ లేదు, జ్వరమేమో అనుకున్నాను. "ఈడనే కూసోండ్రి, లోపల పొగ ఉన్నది" అన్నాడు. మా ఆయన కూర్చున్నాడు. ఆడవాళ్లను ఎవరు ఆపుతారు? అత్తకు బొట్టు పెడదామని నేను లోపలికి పోయాను. పొగ లేదు. అత్త నన్ను చూడగానే ముఖమంతా వెలిగిపోయింది. నా చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి గుంజుకుపోయింది.

"రా కోడలా, ఇటు జూడు. మా ఇంటాయన పనిముట్లు ఊర్నుంచి వచ్చినయి! మొన్న అంగడి నాడు ఎవరో తెలిసినోళ్లు తెచ్చిచ్చిండ్రట. నా మసక కండ్లకు గూడ తళతళ మెరుస్తున్నయి. దిష్టి తగుల్తదని ఎవ్వరికి చూపొద్దన్నడు. నువ్వు నా బిడ్డ లెక్క, నీకు జూపకుంట ఉంటనా?"

పీట మీద పనిముట్లు వరుసగా ఉన్నాయి. దీపం వెలుగుతోంది. బంతిపూలు, పసుపు, కుంకుమ. మధ్యలో బాడిస. నూనె రాసి మెరుస్తోంది. దాని మెడ మీద, కుంకుమ బొట్టు పక్కనే, నెలవంక గాటు.

నాకు ఒక్క క్షణం బాపు కనిపించినట్టే అయింది. తర్వాత ఒళ్లంతా మండిపోయింది. మంటలో చేయి పెట్టినా అంత మండదు. అరవబోయాను. పీట ముందు నిలబడి ఉన్నాను కదా, నోరు మూసుకున్నాను. అత్త ముఖం చూశాను. ఆ ముఖంలో సంతోషం తప్ప ఏమీ లేదు. ఈమెకు ఏమీ తెలియదు. తన మొగుడినే నా బదులు అన్ని తిట్లు తిట్టింది పాపం. నేను జమ్మి ఆకు పీట మీద వేసి బయటికి వచ్చి, మా ఆయనతో, "నువ్వు గూడ పొయ్యి పీటకు మొక్కు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

పెద్దాయన కూలబడ్డట్టు అరుగు మీద కూర్చున్నాడు. మా ఆయన లోపలికి పోయాడు. తలుపు దగ్గర నిలబడి నేను చూస్తూనే ఉన్నాను. ఆయన పీట ముందు ఆగాడు. వీపు మాత్రమే కనిపిస్తోంది నాకు. చెయ్యి ముందుకు పోయింది, బాడిస దాకా పోయింది, ఆగింది. ఆకు వేసి, దండం పెట్టి వెనక్కి తిరిగాడు. బయటికి వచ్చి పెద్దాయన చేతిలో జమ్మి పెట్టాడు.

"మంచిగ పూజ జేసినవ్ కాకా. ఈ యేడు వాటికి పూజ లేకుంట పోతదని పొద్దుగాల్నుంచి మనసున వట్టలే నాకు" అన్నాడు. వంగి కాళ్లు మొక్కాడు.

అత్త గారెల గిన్నె తెచ్చి మా ఇద్దరి చేతుల్లో పెట్టింది. తిన్నాం. ఏం రుచి ఉన్నాయో ఇప్పటికీ చెప్పలేను.

గుడిసెకు రాగానే నా గొంతు నాకు తిరిగొచ్చింది.

"ఏందయ్యా, నోట్లె నాలుక లేదా నీకు? దొంగోని కాళ్లు మొక్కుతవా? మా బాపు బాడిస అది!"

"నాకు తెల్వదా?"

"తెల్సినంక గూడ గారెలు మింగి వస్తవా?"

"పీట మీద ఉన్నయే. పూజల ఉన్న పనిముట్టును గుంజుకస్తనా? దాని ముందల లొల్లి జేస్తనా? రేపు ఆయన చెయ్యే ఎత్తాలె. ఎత్తేదాక జర ఆగు."

"ఎత్తి అటే పారిపోతే?"

"పూజ లేకుంట ఉంచుడు చాతగాలే ఆయనకు. మూటల దాచి ఉంచితే ఎవ్వలకు తెలుస్తుండె? అంత భక్తి ఉన్నోడు యాడికి పారిపోతడే?" అన్నాడు. నాకది తెలివి మాట అనిపించలేదు. పిచ్చి మాట అనిపించింది. పొద్దున ఆయన బాయికి పోవాలి. పెద్దాయన పారిపోతే మా బతుకు బాయి కిందికే. పడుకున్నానన్న మాటే గాని కన్ను మూతపడలేదు. పొద్దున అనాల్సిన తిట్లన్నీ వరుసగా పేర్చుకుంటూ గడిపాను.

తెల్లవారుతుండగానే ఆయన స్నానం చేసి, ఉతికిన అంగీ వేసుకున్నాడు, బాయికి పోయేవాడిలాగే. అప్పుడు వాకిట్లో అడుగుల చప్పుడైంది. పెద్దాయన. తల మీద మూట. దించుతుంటే ఇనుము గలగలమంది. ఆ చప్పుడు వినగానే నేను పేర్చుకున్న తిట్లన్నీ ఎటు పోయాయో.

ఆయన లోపలికి రాలేదు. వాకిట్లోనే గొంతుక్కూర్చున్నాడు. తల ఎత్తకుండా చెప్పుకొచ్చాడు. ఊరి నుంచి వస్తుంటే వాగు పొంగి బండి తిరగబడిందట. ఎడ్లు, మనుషులు ఒడ్డున పడ్డారు గాని పనిముట్ల సంచి నీళ్లలో పోయింది. భార్య అప్పటికే వాగు దాటి ముందు నడిచిపోయింది కాబట్టి ఆమెకు తెలియదు. పనిముట్లు లేని వడ్రంగినని చెప్పుకోలేక, సంచి ఊళ్లోనే మరిచానని, ఊర్నుంచి వస్తాయని ఆమెకూ అందరికీ అబద్ధం చెప్పాడు. అబద్ధాన్ని నిలబెట్టడానికి మా పెట్టె తెరిచాడు.

"చాటుగ పని జేద్దామని జూసిన బిడ్డా," అన్నాడు మా ఆయనతో. "చెయ్యి రాలే. ఈ పిడులన్నీ నీ చేతికి అరిగినయి. నా చేతికి పడ్తలేవు. ఇగో." అరచేతులు చాపాడు. బొబ్బలెక్కి పగిలి ఉన్నాయి. "ముట్టినప్పుడల్ల పరాయి మనిషి చెయ్యి పట్టుకున్నట్టే ఉండె. ఇప్పుడు నలుగుర్ల చెప్పుతవో, ఠాణాకు పంపుతవో, నీ ఇష్టం. నా ముసల్దానికి మాత్రం జెప్పకు."

నాకు అత్త నోటి తిట్లు గుర్తొచ్చాయి. చేతులకు పుండ్లు పుట్టాలని ఆమే కదా అంది. నా కోపం పోయిందని అబద్ధం చెప్పను. కొంత ఇప్పటికీ ఉంది. కానీ ఆ చేతుల మీద కోపం నిలబెట్టుకోవడం నా వల్ల కాలేదు. "అత్తకు తెల్వద్దు మామా. నేను జెప్ప. నా నోరు పెద్దదే గాని గంత చెడ్డది కాదు" అన్నాను.

మా ఆయన మూట విప్పాడు. బాడిస తీసి, మెడ మీది గాటును బొటనవేలితో ఒకసారి తుడిచి, నా చేతిలో పెట్టాడు. దాన్ని రొమ్ముకు ఆనించుకుని పట్టుకున్నాను. బాపు గుర్తొచ్చి ఏడ్చాను. ఈసారి పొగ లేదు, దాచుకోలేదు కూడా.

తర్వాత ఆయన ఉలులన్నీ నేల మీద పరిచాడు. కొన్నిటిని ఒక పక్కకు తీశాడు. వాటి పిడులను ఒక్కొక్కటే రాయి మీద కొట్టి ఊడగొట్టాడు. ఆయనకు మతి పోయిందేమో అనిపించింది నాకు. దొరికిన పనిముట్లను ఎవరైనా విరగ్గొట్టుకుంటారా? ఇంతలో పక్క గుడిసె బాయి పనివాడు అన్నం డబ్బా పట్టుకుని వచ్చి, "అన్నా, పోదామా?" అన్నాడు.

"నువ్వు పో తమ్మీ. నాకు పని వడ్డది" అన్నాడు మా ఆయన. ఉతికిన అంగీ విప్పి తడిక మీద వేశాడు. కొలిచే దారం తెచ్చి పెద్దాయన ఎదురుగా కూర్చున్నాడు.

"చెయ్యి ఇటియ్యి కాకా."

"ఎందుకురా?"

"కొత్త పిడులు జెయ్యాలె గద. నీ చేతికి సరిపొయ్యేటట్టు."

పెద్దాయనకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక భుజాలు ఎగసెగసి పడ్డాయి. మా ఆయన ఆ అరచేతిని తన మోకాలి మీద పెట్టుకుని, బొబ్బలకు తగలకుండా దారం చుట్టాడు. ఆ చెయ్యి మాత్రం నిలవడం లేదు. ముడి దగ్గరికి వచ్చేసరికి దారం జారిపోతోంది.

"జర కదలకు కాకా," అన్నాడు మా ఆయన. "కొల్త తప్పుతది."